గేర్ ఆయిల్ సరే

ఒక్క తప్పు దొర్లినా పడవ అమ్మేయాలి. అదీ ఒప్పందం. షరతు పెట్టింది కూతురు మాయ, ఒప్పుకున్నది తండ్రి రామమోహన్, ఇద్దరి మధ్యా నోరు మూసుకుని కూర్చున్నది తల్లి జయంతి. ఆ శనివారం పొద్దున్న అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో బయల్దేరిన కారు లేక్ లేనియర్ సరస్సు దారి పట్టేదాకా ముందు సీట్లలో మాటల్లేవు. మాయ డ్రైవ్ చేస్తోంది. పక్కన రామమోహన్ పడవ తాళంచెవిని గుప్పిట్లో పెట్టుకుని, పరీక్ష హాలుకి పోతున్న కుర్రాడిలా కిటికీలోంచి చూస్తున్నాడు. డెబ్బై ఆరేళ్ల మనిషిని అలా చూడాల్సి రావడం జయంతికి ప్రాణం చివుక్కుమనిపించింది. ఆవిడ పక్కన ఏడేళ్ల మనవరాలు కృతి చేగోడీలు నములుతోంది. దానికి ఒప్పందం సంగతి తెలియదు కాబట్టి ఆ కారులో ఆకలి వేసింది దానికొక్కదానికే.

రామమోహన్ గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. నా లెక్కలో అదే ఆయన గొప్ప. కాకినాడలో ఇంజినీరింగ్ చదివి డెబ్బైల్లో ఈ దేశం వచ్చాడు. ఒక కరెంటు కంపెనీలో పంపుల మధ్య పనిచేసి, ఎవరితోనూ పోట్లాడకుండా, ఎవరికీ ఉపన్యాసం ఇవ్వకుండా రిటైరయ్యాడు. ఆ వయసులో మనవాళ్లు గుడి కమిటీల్లో పడతారు, లేదా మోకాళ్ల నొప్పుల్లో పడతారు. ఈయన మాత్రం సరస్సు దగ్గర ఎవరో అమ్మకానికి పెట్టిన పాత కాబిన్ పడవ ఒకటి కొని, ఇంటికి ఫోన్ చేసి, “జయా, ఒక వస్తువు కొన్నాను గానీ ఇంట్లో పట్టదు” అన్నాడు. పడవ అంచులు పచ్చగా, అక్కడక్కడ మాడినట్టు గోధుమ రంగు తిరిగి ఉండేవి. చూడగానే మాయ “పెసరట్టులా ఉంది” అంది. ఆ పేరే ఇంగ్లీషు అక్షరాల్లో పడవ వెనక రాయించాడు. పడవలు కట్టేసే మెరీనాలో అమెరికన్లు ఆ పేరు పలకడానికి పడే అవస్థ చూసి ఆయన ఎప్పుడూ నవ్వుకునేవాడు.

జయంతికి ఈత రాదు. కాకినాడ సముద్రం పక్కనే మెడిసిన్ చదివినా ఆవిడ పాదం తడిసిన దాఖలా లేదు. మత్తుమందు డాక్టరుగా అట్లాంటాలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. ఆపరేషన్ థియేటర్లో ఆవిడ పద్ధతి ఒకటే. ఒకరు పైకి చెప్పాలి, రెండోవాళ్లు కళ్లతో చూసి అప్పుడు మాత్రమే సరే అనాలి. చూడకుండా సరే అన్న నర్సుని ఒకసారి నిలబెట్టి కడిగేసింది. పడవ కొన్న కొత్తలో, “మీ పడవెక్కాలంటే నా పద్ధతి ఒప్పుకోవాలి” అని ఆ అలవాటు నీళ్లమీదికీ తెచ్చింది. అప్పటినుంచీ ఒడ్డు వదిలే ముందు ఆయన ఒక్కొక్కటీ చూసి పైకి చెబుతాడు, ఆవిడ వంగి చూసి సరే అంటుంది.

అన్నిటికంటే చివర వచ్చేది గేర్‌బాక్స్ ఆయిల్. ఇంజిన్ ఆయిల్ అయితే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూసుకోవచ్చు. దీని సంగతి వేరు. ఇంజిన్ కాసేపు నడిపి, ఆపిన వెంటనే చూడాలి. ఆలస్యం చేస్తే పైపుల్లో ఉన్నదంతా కిందికి దిగి, లేని ఆయిల్ ఉన్నట్టు కనిపిస్తుంది. గేర్‌బాక్స్ నెత్తిన బొటనవేలు పట్టేంత రంధ్రం, అందులో ఆయిల్ కొలిచే పుల్ల, ఆ పుల్లకే మూత. ఆయన పుల్ల బయటికి లాగి, పాత పంచెగుడ్డతో తుడిచి, మళ్లీ లోపల ముంచి తీసి, ఆకాశానికేసి పట్టుకుంటాడు. దానిమీద రెండు గీతలుంటాయి. ఎర్రటి ఆయిల్ ఆ రెండు గీతల మధ్య ఉంటే, “గేర్ ఆయిల్ సరే” అంటాడు. ఆవిడ చూసి, “సరే” అంటుంది. అంతే, పెసరట్టు కదులుతుంది.

ఇదంతా ఏడాది కిందటి దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత రామమోహన్ బుర్రలో ఎక్కడో ఒక మర వదులవడం మొదలైంది. స్టవ్ మీద పాలు పెట్టి తోటలోకి పోయేవాడు. ఒకసారి గుడికి కారులో వెళ్లి, ఊబర్ పిలుచుకుని ఇంటికొచ్చాడు. కారు గుడి దగ్గరే ఉండిపోయింది. స్పెషలిస్టు పరీక్షలన్నీ చేసి, మతిమరుపు జబ్బు ఇంకా మొదలే, జాగ్రత్తగా ఉండండి అన్నాడు. ఇక అక్కణ్నుంచి ఇంట్లో ఏ తప్పు జరిగినా ఆయన ఖాతాలోకే. జయంతి కళ్లజోడు కనిపించకపోయినా ఆయనే, గరాజ్ తలుపు తెరిచి ఉన్నా ఆయనే. మొదట్లో “నేను కాదే” అనేవాడు. రానురానూ, “నేనే అయ్యుంటాను” అనడం అలవాటు చేసుకున్నాడు. వాదన లేకుండా ఇల్లు ప్రశాంతంగా ఉండేసరికి ఆ మాట ఎంత చేటో ఎవరూ గమనించలేదు.

మాయ చెడ్డది కాదు. తండ్రి ఒక్కడూ నీళ్లమధ్య దారి మరిచిపోతే ఏమిటన్నది దాని భయం. జయంతి భయం ఇంకా పెద్దది, కానీ ఆవిడ నోటితో అమ్మేయండి అనలేదు. భర్తకి మిగిలింది ఆ పడవ ఒక్కటేనని తెలుసు. అది పోవాలి, కానీ తన నోటిమీదుగా పోకూడదు. ప్రతి శనివారం ఆవిడ మనసులో దేవుణ్ని కోరుకునేది అదే, చెప్పుకుంటే సిగ్గుచేటు.

మెరీనాలో గాలి చురుగ్గా ఉంది. అక్టోబరు ఎండ, నీళ్లమీద చిన్న చిన్న అలలు. పడవ నిండా ఇంకా దసరా ఆనవాళ్లే. పది రోజుల కిందట మొగుడూ పెళ్లాలిద్దరే వచ్చి ఆయుధపూజ చేసుకుపోయారు. స్టీరింగుకి, ఇంజిన్‌కి, స్పానర్ల పెట్టెకి, చివరికి గేర్‌బాక్స్ పుల్ల మూతకి కూడా జయంతి పసుపు కుంకుమలు పెట్టింది. ఆ తర్వాత పడవ కదల్లేదు.

రామమోహన్ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. మాయ చేతులు కట్టుకుని వెనకే నిలబడింది. కృతికి లైఫ్ జాకెట్ తొడిగారు. ఇంజిన్ నడిచింది, వేడెక్కింది, ఆగింది. ఆయన వెంటనే ఇంజిన్ గది మూత తలుపు ఎత్తి, మోకాళ్లమీద కూర్చుని పుల్ల లాగాడు. తుడిచాడు, ముంచాడు, తీశాడు, ఆకాశానికేసి పట్టుకున్నాడు.

“గేర్ ఆయిల్ సరే” అన్నాడు.

జయంతి ఆ క్షణాన కూతురి మొహం చూస్తోంది. మాయ కనుబొమలు విడివడ్డాయా, ముడిపడ్డాయా అన్నదే ఆవిడ ధ్యాస.

“సరే” అంది, పుల్ల వంక చూడకుండానే.

ఒడ్డు వదిలారు. గంటసేపు ఆయన చెయ్యి ఎక్కడా తడబడలేదు. దారి గుర్తుగా తేలే ఎర్ర బోయాకి ఏ పక్కనుంచి పోవాలో, ఎదురొచ్చే జెట్‌స్కీ కుర్రాళ్లకి ఎంత దూరం ఇవ్వాలో అన్నీ సరిగ్గా చేశాడు. కృతిని ఒళ్లో కూచోబెట్టుకుని స్టీరింగ్ పట్టించాడు. మాయ కూడా కాస్త మెత్తబడి, తల్లి పెట్టిన పులిహోర తిని, “నాన్న ఈజ్ డూయింగ్ గుడ్” అంది మెల్లగా. జయంతికి సంతోషించాలో దిగులుపడాలో తెలియలేదు.

సరస్సు బాగా వెడల్పయిన చోట, ఒడ్డున రాళ్ల గుట్ట ఒకటి నీళ్లలోకి చొచ్చుకొచ్చిన దగ్గర, ఇంజిన్ ఒక్కసారి గొంతు పెంచింది. అరుపు పెరిగింది గానీ వేగం పెరగలేదు. పడవ ముందుకి పోవడం మానేసి, పక్కకి జరగడం మొదలుపెట్టింది. రామమోహన్ గేరు వెనక్కి తీసి మళ్లీ ముందుకి వేశాడు. అదే అరుపు, అదే కదలకపోవడం.

“తాతా, బోట్ ఎందుకు వెళ్లట్లేదు?” అంది కృతి.

“గేరు జారుతోందమ్మా” అన్నాడాయన. ఇంజిన్ ఆపేశాడు.

ఇంజిన్ ఆగాక గాలి చప్పుడు వినిపించింది. అది వాయవ్యం నుంచి, సరిగ్గా రాళ్లవైపే తోస్తోంది. రాళ్లు ఇంకా దూరంగానే ఉన్నాయి, కానీ పడవ వాటివైపే పోతోందని తెలియడానికి ఈత రానక్కర్లేదు.

మాయ ముందుకి పరిగెత్తి లంగరు వేసింది. తాడు మొత్తం వదిలినా అడుగు తగల్లేదు. లోయని ముంచి చేసిన సరస్సు అది, ఒడ్డు పక్కనే పాతాళం. తర్వాత, ఆగిపోయిన పడవల్ని లాక్కెళ్లే టో బోట్ వాళ్లకి ఫోన్ చేసింది. ఇవాళ శనివారం, గంట పైనే పడుతుంది, అన్నారు వాళ్లు.

“నాన్నా, గేర్ ఆయిల్ చెక్ చేశావా?” అంది ఫోన్ పెట్టేసి.

“చూశాను.” ఇంజిన్ గది వైపు చూశాడు. “చూశాననుకుంటా.”

“చూశారే. నేను పక్కనే ఉన్నాను. సరే అన్నాను కూడా” అంది జయంతి.

“నువ్వు చూశావా అమ్మా, లెవెల్?”

జయంతి చూడలేదు మరి. జీవితమంతా ఇతరులని ఏ తప్పుకి కడిగిందో అదే తప్పు పొద్దున్న తను చేసింది.

రామమోహన్ మూత తలుపు ఎత్తి లోపలికి వంగాడు. వేడి ఇనుము వాసన పైకొచ్చింది. పుల్ల లాగి, తుడిచి, ముంచి, ఆకాశానికేసి పట్టుకున్నాడు. ఎర్రటి ఆయిల్ రెండు గీతల మధ్యే ఉంది, చుక్క తగ్గలేదు. కానీ పుల్ల కొసన ఏదో అంటుకుని ఉంది. ఆయన దాన్ని గోటితో తీసి అరచేతిలో వేసుకుని చూశాడు. సగం విరిగిన బియ్యపుగింజ. ఎర్రటి ఆయిల్లో నానినా పసుపు రంగు పోలేదు.

“ఈజ్ దట్ రైస్?” అంది మాయ.

“అక్షింతలు” అన్నాడు రామమోహన్. “పూజ రోజున మూత తీసి పెట్టేసి ఉంటాను. వేయడం మర్చిపోయి ఉంటాను. అక్షింతలు లోపల పడ్డాయి.”

“ఓ గాడ్, నాన్నా.”

“నేనే అయ్యుంటాను” అన్నాడు ఆయన మళ్లీ, అలవాటైపోయిన ఆ గొంతుతోనే.

జయంతి తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. ఆ రోజు మొత్తం ఆవిడ కళ్లకి కట్టింది. పుల్ల బయటికి తీయమన్నది తనే. ప్రతిసారీ మీరు కళ్లకద్దుకున్నట్టు చూసేది దాన్నే కదా, అసలు ఆయుధం అదే, దానికీ బొట్టు పెట్టాలి అంది. ఆయన తీసి ఇచ్చాడు. తను బొట్టు పెట్టి పళ్లెంలో ఉంచి, అష్టోత్తరం చదువుతూ అక్షింతలు తీసుకుంది. అప్పుడు ఆయన అరచేత్తో ఆ రంధ్రాన్ని కప్పి, “ఆగు జయా, ముందు మూత పెట్టనీ. గింజ లోపల పడిందంటే కింద జల్లెడకి అడ్డం పడుతుంది” అన్నాడు. తను ఊరుకుందా? “పూజ మధ్యలో పళ్లెంలోది కదిలించకూడదు. దేవుడి అక్షింతలకి చెయ్యి అడ్డం పెడతారేమిటి, తియ్యండి” అని కసిరింది. ఆయన చెయ్యి తీసేశాడు. తను చల్లింది, ఒకసారి కాదు, నూట ఎనిమిది నామాలకీ చల్లింది. హారతి అయ్యాక, “ఏమైనా పడ్డాయంటావా?” అని అడిగాడు కూడా. వంగి చూసే ఓపిక లేక, “ఒక్కటీ పడలేదు లెండి” అని తనే పుల్ల పెట్టి మూత బిగించింది.

ఇప్పుడు నోరు విప్పకపోతే ఏమవుతుందో జయంతికి స్పష్టంగా తెలుసు. పడవ పోతుంది. తను అడగకుండానే, ఎవరితోనూ మాట పడకుండానే, శనివారాల భయం తీరిపోతుంది. ఇన్నాళ్లూ మొక్కుకున్నది పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టు వచ్చింది. దానికి ఆయన చెయ్యని తప్పు ఒకటి మొయ్యాలి, అంతే కదా. ఇప్పటికే ఎన్ని మోయడం లేదు! అలా అనుకున్న మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా వంగి కృతి లైఫ్ జాకెట్ పట్టీ సర్దుతూ ఉండిపోయింది.

“ఇప్పుడేం చేద్దాం?” అంది మాయ. రాళ్లమీద అల పగులుతున్న నురగ కనిపిస్తోందిప్పుడు.

“పంపు కింద జల్లెడ ఉంటుంది” అన్నాడు రామమోహన్. “పంపు పీలుస్తుంటే గింజలన్నీ దానికి అతుక్కుంటాయి. ఆయిల్ అందదు, గేరు జారుతుంది. ఇంజిన్ ఆపితే పీలుపు ఉండదు, గింజలు కిందికి రాలతాయి. కాసేపాగి, మెల్లగా, ఇంజిన్‌ని అరిపించకుండా పోతే కొంత దూరం లాగుతుంది. మళ్లీ జారితే మళ్లీ ఆపాలి.” అంతదాకా ఆయన గొంతు పాత ఇంజినీరు గొంతే. అక్కడ ఆగి మాయ మొహం చూశాడు. “అనుకుంటా” అన్నాడు.

“అనుకుంటావా, తెలుసా?”

రామమోహన్ తాళంచెవి ఊడదీసి మాయ చేతిలో పెట్టాడు. “నా మాట మీద ఆధారపడొద్దమ్మా. మూత పెట్టడమే మర్చిపోయినవాణ్ని. ఎక్కువ తిప్పితే గేర్‌బాక్స్ మొత్తం పట్టేస్తుందేమో, పిల్ల ఉంది పడవలో. టో బోట్ రానీ.”

“రాళ్లు గంట ఆగవు నాన్నా.”

ఆయన సీట్లో కూలబడి అరచేతిలో గింజని చూస్తూ ఉండిపోయాడు. మాయకి స్టీరింగ్ తిప్పడం వచ్చు గానీ జారే గేరుతో పడవని గాలికి ఎదురు నడపడం రాదు. ఆ పడవలో అది తెలిసినవాడు ఒక్కడే, ఆ ఒక్కడూ తనని తాను నమ్మడం మానేశాడు. కృతి ఏడుపు గొంతుతో “అమ్మమ్మా” అని జయంతి చీర కొంగు పట్టుకుంది. ఆ చిన్న చెయ్యి లాగిన లాగుడికి ఆవిడ లేచి నిలబడింది.

“మూత మర్చిపోయింది మీరు కాదు” అంది.

రామమోహన్ తలెత్తాడు.

“పుల్ల తీయమన్నది నేను. అక్షింతలు చల్లింది నేను. మీరు చెయ్యి అడ్డం పెట్టి, గింజ పడితే జల్లెడకి అడ్డం పడుతుంది, ముందు మూత పెట్టనీ అన్నారు. పూజ మధ్యలో కదిలించకూడదని నేనే కసిరాను. తర్వాత పడ్డాయా అని కూడా అడిగారు. చూడకుండా లేదన్నాను. మూత బిగించింది కూడా నేనే.” ఊపిరి తీసుకుంది. “మీరు అన్నీ సరిగ్గానే చేశారు. నేను వినలేదు.”

మాయ తల్లి వంక చూసింది. తాళంచెవి తండ్రి ముందు చాచింది.

“జల్లెడ అన్నానా?” అన్నాడు రామమోహన్, భార్యనే చూస్తూ.

“అన్నారు. నా మీద ఒట్టు.”

ఆయన గింజని జేబులో వేసుకున్నాడు. తాళంచెవి అందుకున్నాడు. ఒకసారి రాళ్లకేసి, ఒకసారి నీళ్లమీద గాలి గీస్తున్న గీతలకేసి చూశాడు. “ఇంకా కాసేపాగాలి, గింజలు దిగాలి. మాయా, లంగరు పైకి లాగేసి కొక్కెం కర్ర పట్టుకుని ముందుకి పో. పక్కనుంచి రాయి తగిలేట్టుంటే తొయ్యి, చెయ్యి మాత్రం బయట పెట్టకు. జయా, పిల్లని పట్టుకుని నేలమీద కూచో” అన్నాడు. ఆ మాటల్లో ఎక్కడా అనుకుంటా లేదు.

కాసేపు అన్నాడు గానీ అది ఎంతసేపో జయంతికి తెలియలేదు. కృతి తల ఒళ్లో అదిమిపెట్టుకుని, కళ్లు మూసుకుంటే ఇంకా భయమని తెరిచే ఉంచింది. రాళ్లమీద నాచు కనిపిస్తోంది. నాచు మీద కూర్చున్న తాబేలు కనిపిస్తోంది. “ఇంజిన్ వెయ్యండి” అని అరవాలనిపించింది. థియేటర్లో ఇలాంటప్పుడు కంగారుపడే సర్జన్లని తనే ఆపేది. నాలుక పళ్లకింద పెట్టుకుంది.

“నాన్నా” అంది మాయ ముందునుంచి, కర్ర చాచి.

“ఇంకొంచెం” అన్నాడు ఆయన.

కర్ర కొస రాతికి తగిలిన చప్పుడు వినిపించింది. అప్పుడు రామమోహన్ ఇంజిన్ వేశాడు. గేరు వేశాడు. ఇంజిన్ గొంతు పెరగలేదు, మెల్లగా గొణిగింది. పడవ కిందనుంచి ఏదో పట్టుకున్నట్టు ఒక చిన్న కుదుపు, అంతే, రాళ్లు వెనక్కి జరగడం మొదలుపెట్టాయి. మాయ కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తాబేలు నీళ్లలోకి దూకింది.

సరస్సు మధ్యకి వచ్చాక మళ్లీ గేరు జారింది. ఆయన వెంటనే ఇంజిన్ ఆపేశాడు, ఆగాడు, మళ్లీ వేశాడు. అలా ఆగుతూ, పోతూ, గాలిని లెక్క వేసుకుంటూ, ప్రతిసారీ ఒడ్డుకి తగినంత దూరం ముందే ఉంచుకుంటూ తీసుకొచ్చాడు. మాయ టో బోట్ వాళ్లకి అక్కర్లేదని ఫోన్ చేసింది. కృతి పులిహోర గిన్నె మళ్లీ తెరిచింది. జయంతి మాత్రం నేలమీద నుంచి లేవలేదు.

మెరీనాలో తాళ్లు కట్టి, కృతిని తీసుకుని మాయ ఒడ్డెక్కింది. పోతూపోతూ తండ్రి భుజం మీద చెయ్యి వేసి, “ఆ జల్లెడ క్లీన్ చెయ్యడానికి ఎవరిని పిలవాలో కనుక్కుంటా” అంది. అమ్మకం మాట ఎత్తలేదు. ఒప్పందం ప్రకారం తప్పు జరిగింది, నిజమే. కానీ తప్పు ఎవరిదన్నది ఒప్పందంలో రాసుకోలేదు.

పడవలో మొగుడూ పెళ్లాలిద్దరే మిగిలారు. రామమోహన్ స్టీరింగ్ ముందు సీట్లోంచి కదల్లేదు.

“నిజంగానే అన్నానా జయా? చెయ్యి అడ్డం పెట్టానా?”

“పెట్టారు. ఇదిగో ఇలా” అని ఆవిడ అరచెయ్యి బోర్లించి చూపించింది. “ఎన్నిసార్లు చెప్పించుకుంటారు?”

“అది విని సంతోషమే వేసింది.” ఆయన స్టీరింగ్ మీది బొట్టుని వేలితో రుద్దాడు, కుంకుమ వేలికి అంటింది. “తప్పులు చేసి మర్చిపోతున్నానని కదా ఇన్నాళ్లూ ఏడ్చాను. ఒప్పు చేసినా గుర్తుండట్లేదు. నువ్వు చెప్పకపోతే ఆ మనిషి నేను కాదనే అనుకునేవాణ్ని.”

జయంతికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఆయన ముందు ఏడ్వడానికి ఆవిడకి ఎప్పుడూ మొహమాటం లేదు. ఇంచుమించు చెప్పకుండా ఊరుకునేదాన్నేనన్న మాట గొంతుదాకా వచ్చింది. అది కూడా చెప్పేసింది. పడవంటే ఎంత భయమో, శనివారాల మొక్కులేమిటో, అంతా చెప్పేసింది. ఆయన విన్నాడు. కోప్పడలేదు.

“ఇంజిన్ ఆపి ఎంతో సేపు కాలేదు, ఆయిల్ చూడాలి” అన్నాడు చివరికి. “నువ్వు చూడు. నేను చూస్తే నాకు గుర్తుండదు.”

ఆవిడ మోకాళ్లమీద కూర్చుని తలుపు ఎత్తింది. వేడి ఇనుము మీద తను పెట్టిన బొట్టు చెమటకి కరిగినట్టు జారి ఉంది. పుల్ల లాగింది, పంచెగుడ్డతో తుడిచింది, ముంచింది, తీసింది. ఇన్నేళ్లుగా ఆయన చేసినట్టే ఆకాశానికేసి పట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, చూసింది.

“ఆయిల్ గీతల మధ్యే ఉంది” అంది. “రెండు గింజలున్నాయి. నావే.”

రామమోహన్ సీట్లోంచి లేచి, వంగి, పుల్ల ఆవిడ చేతిలో ఉండగానే దగ్గరికి తీసుకుని కొసనుంచి గీతల దాకా చూశాడు. తర్వాత, “సరే” అన్నాడు.